లేని ఊరి బస్సు

ఫిబ్రవరి 3

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు బాగున్నావనుకుంటూ, నేను బాగున్నానని నువ్వూ అనుకుంటూ ఉంటావనుకుంటూ మొదలుపెడుతున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అని మళ్ళీ అడగకు. ఫోనులో నా గొంతు నాకే తిరిగి వినపడితే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. ఉత్తరమైతే ఆ బాధ లేదు. పైగా పార్సిల్ ఆఫీసులో ఉన్నదాన్ని, మీ ఊరి బస్సు కండక్టరు చేతిలో పెడితే సాయంత్రానికల్లా నీకు చేరుతుంది. నువ్వూ అలాగే పంపు. కవరు మీద "మైకక్కకి" అని రాస్తే చాలు. ఈ బస్టాండులో నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు.

ఒక మంచి కబురు. నిన్న మేనేజరు పిలిచి, డాక్టరిచ్చిన కాగితం చూశానని, వచ్చే నెల నుంచి పొద్దుటి షిఫ్టులో మళ్ళీ నన్నే మైకు దగ్గర కూర్చోమన్నాడు. జబ్బు చేసి మైకు వదిలి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ జిగురు, గోనెపట్టా, పురికొసల మధ్య కూర్చుని, గోడకవతల ఎవరో పిల్ల ఊళ్ళ పేర్లు తప్పులతడకగా చదువుతుంటే పళ్ళు నూరుకుంటూ విన్నాను. ఒకరోజు ఒకే బస్సును రెండు ప్లాట్‌ఫారాల మీదికి పంపింది. జనం సామాన్లతో అటూ ఇటూ పరుగులు. నా పక్క కుర్చీ పెద్దాయన తెలుసుగా, ఒక చెవి పనిచెయ్యదు. మేనేజరు మాట చెబితే, "మంచిదేనమ్మా, నీ గొంతయితే ఈ చెవుడు చెవిలోకి కూడా దూరేది" అన్నాడు.

ఇంకో సంగతి. నువ్వు సినిమా తీశావని డ్రైవరు చెబితే గాని నాకు తెలియలేదు. మా మేనేజరు ఏదో ఫిల్మ్ క్లబ్బులో ఉన్నాడులే. ఎవరూ చూడని సినిమాలు తెచ్చి చూసి, ఎవరికీ అర్థంకాకుండా మాట్లాడుకుంటారట. ఆ క్లబ్బువాళ్ళు టిక్కెట్ల కిటికీ పక్కన అంటించిన కాగితం మీద నీ పేరుంది. "లేని ఊరి బస్సు" అట. పెళ్ళి వీడియోలు కత్తిరించుకుంటూనే ఇంత పని చేశావా? గర్వంగానూ ఉంది, నాకు చెప్పనందుకు కోపంగానూ ఉంది. మా తమ్ముడే తీశాడని మేనేజరుకి చెప్పాను. కథేమిటో రాయి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు అందరూ మంచం కాళ్ళ దగ్గర నిలబడి పలకరించి వెళ్ళిపోయేవాళ్ళు. రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చున్నవాడివి నువ్వొక్కడివే. మళ్ళీ మైకు దగ్గరికి వెళుతున్నానంటే అందులో సగం నీదే. వేళకి తిను.

నీ అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం అందింది. మైకు కబురు విని నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. మొదటిరోజు కంగారుపడకు, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకో.

సినిమా సంగతి దాచాలని కాదు, చెప్పుకునేంత పెద్దది కాదు. ఓ ఉద్యోగం చేసుకునే ఆవిడ కథ. అక్కడా ఇక్కడా చూసినవీ విన్నవీ కలిపి అల్లాను. స్నేహితులందరం కలిసి సెలవురోజుల్లో తీశాం. ముఖ్యపాత్ర వేసిన అమ్మాయి నాటకాల్లోంచి వచ్చింది. షూటింగులో అందరికీ టీ కూడా తనే పోసేది.

నువ్వు మాత్రం చూడకు. బరువైన సినిమా. ఇప్పుడిప్పుడే నిద్ర సరిగ్గా పడుతోందన్నావు, దాన్ని చెడగొట్టుకోవడం దేనికి?

నేను తమ్ముణ్ణని మీ మేనేజరుకి ఎందుకు చెప్పావు? సరే, అన్న మాట ఎలాగూ వెనక్కి రాదు. ఆయన వెళ్ళకపోవచ్చులే. ఇక్కడ వేసినప్పుడు మనుషుల కంటే కుర్చీలే ఎక్కువ. ప్రొజెక్టరు నడిపేవాడు కూడా సగంలో లేచి బయటికెళ్ళి, అయిపోయే వేళకి వచ్చాడు.

ఎవరూ చూడని సినిమా తీసిన,
నీ తమ్ముడు

ఫిబ్రవరి 27

ఒరేయ్,

ఈసారి బాగున్నావా అని అడగను.

మేనేజరు చూశాడు. పొద్దున్నే పిలిచాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి "కూర్చోమ్మా" అని కుర్చీ చూపించాడు. అప్పుడే అర్థమైంది, నా పని అయిపోయిందని.

"మీ తమ్ముడు గొప్పగా తీశాడమ్మా. ఆ అమ్మాయి మొహం కళ్ళముందు నుంచి పోవడంలేదు" అన్నాడు. కాసేపు బల్లమీద పెన్ను అటూ ఇటూ దొర్లించి, "ఇది మన బస్టాండే కదా?" అన్నాడు. "అది చూశాక నీ చేతికి మైకు ఎలా ఇమ్మంటావు? రేపేదైనా జరిగితే, తెలిసి కూడా ఎందుకిచ్చావని నన్నే అడుగుతారు."

ఆయన ఇక్కడికొచ్చి ఏడాది. నా కాగితాల్లో "అనారోగ్యం" అని తప్ప ఇంకేం లేదు. పాతవాళ్ళు కూడా ఆయన దగ్గర ఎప్పుడూ నోరు జారలేదు. డ్రైవర్లు, కూలీలు, టీ కొట్టువాడు, అందరూ మూడేళ్ళు కడుపులో పెట్టుకున్నారు. చెప్పింది నువ్వు.

నేను సినిమా చూడలేదు, ఆయన చెప్పినదే. అందులో ఆవిడ బస్టాండు మైకులో లేని ఊళ్ళకు బస్సులు పిలుస్తుందట. నిద్దరపల్లి, ఊసులపాడు. జనంలో ఒక నీలం చొక్కా ఆయన్ని పేరు పెట్టకుండా పిలిచి, ఇంటికి వెళ్ళకు, అక్కడెవరూ లేరని చెబుతుందట. అవన్నీ జబ్బు బయటపడిన ఆరోజు మైకులో నేను అన్నవి కావట్రా? అక్కడా ఇక్కడా విన్నవని రాశావు. ఎక్కడ విన్నావు? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నువ్వు అడగను కూడా లేదు, వెలిగించుకుపోయావు.

పెద్దాయన ఊరుకోలేక మేనేజరు దగ్గరికెళ్ళి నా తరఫున మాట్లాడబోయాడు. ఆయన చెప్పిందేదీ ఈయనకు వినపడలేదు. తిరిగొచ్చి, "ఒప్పుకున్నట్టే ఉన్నాడమ్మా, తల ఊపాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆగలేదు. ఆగకపోతే నాకు భయం, తెలుసుగా. లోపలికెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఒక్కటి చెప్పు. హాల్లో జనం నన్ను చూసి నవ్వారా?

అక్క

మార్చి 9

అక్కా,

ఎవరూ నవ్వలేదు. ముందు ఆ మాట నమ్ము. ఉన్న కొద్దిమందిలో ఇద్దరు ఏడ్చారు.

నిన్ను పిచ్చిదానిలా చూపించలేదు. నీకు పిచ్చెక్కించిన ఉద్యోగాన్ని చూపించాను. గాలి ఆడని ఆ గాజుగది, ఒకదాని మీద ఒకటి రెండు షిఫ్టులు, అమ్మ పోయిన వారానికే నిన్ను డ్యూటీకి రమ్మన్న పాత మేనేజరు, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ చూసి కూడా ఈయన నీకు మైకు ఇవ్వనన్నాడంటే ఆయన పిరికివాడు. మొహం బాగోలేదని అద్దాన్ని తిడితే ఏం లాభం?

మూడేళ్ళు పెళ్ళిళ్ళలో నిలబడి కెమెరా మోసి, దీన్ని తీశాను. ఏ హాలువాడూ తీసుకోలేదు. చూసిన ఒక్క పెద్దమనిషీ మీ మేనేజరు కావాలా? నా తలరాత అలా ఏడిసింది. నా బాధ కూడా కాస్త ఆలోచించు.

చూడకుండా తిట్టడం న్యాయం కాదు. ఏప్రిల్ మొదటి ఆదివారం మీ ఊరి క్లబ్బువాళ్ళు మళ్ళీ వేస్తున్నారు. వద్దన్నవాణ్ణీ నేనే, ఇప్పుడు వెళ్ళమంటున్నవాణ్ణీ నేనే. ఒక్కదానివే వెళ్ళకు, పెద్దాయన్ని తోడు తీసుకెళ్ళు. ఆ మైకు సీను నిన్ను అంత బాధపెడుతుంటే తీసేస్తాను. సినిమాకి అదే ప్రాణం, అయినా నీకంటే ఎక్కువ కాదు.

ఇంకోటి. ఇక్కడ ఓ చిన్న పత్రికవాళ్ళు నాతో మాట్లాడారు. కథ ఎవరిదని గుచ్చిగుచ్చి అడిగారు. నీ జోలికి ఎవరూ రాకుండా తెలివిగా చెప్పాను. ఆ భయం పెట్టుకోకు.

తమ్ముడు

ఏప్రిల్ 7

ఒరేయ్ తమ్ముడూ,

చూశాను.

ఓ బడి హాల్లో వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, తెరకి ఒక మూల మడత. పెద్దాయన పనిచేసే చెవి తెరవైపు పెట్టి ఓరగా కూర్చున్నాడు. మేనేజరు ముందు వరసలో ఉన్నాడు, నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

మైకు సీను తీసెయ్యొద్దు. మొత్తం సినిమాలో నిజమైంది అదొక్కటే. ఆరోజు నాకు భయం వెయ్యలేదురా. అందరూ అదే అడిగారు, భయమేసిందా అని. భయం ఆసుపత్రికి వచ్చాక వేసింది. ఆ గాజుగదిలో మాత్రం, ఎన్నాళ్ళకో జనం ఆగి నా మాట వింటున్నారని ఎంత హాయిగా అనిపించిందో. ఆ హాయి ఆ అమ్మాయి మొహంలో కనపడింది. ఎవరికీ చెప్పనిది ఆమెకెలా తెలిసిందా అనుకున్నాను. ఆమెని అడిగానని చెప్పు.

నా బాధ అది కాదు. ఆసుపత్రి.

వార్డు అచ్చం అలాగే ఉంది. ఇనప మంచం, కిటికీ, గోడమీద తడిమరక. మంచం పక్కన స్టూలు. ఆ స్టూలు ఖాళీగా ఉంది. ఇప్పుడు కూర్చుంటావు, ఇంకాసేపట్లో కూర్చుంటావు అని చూశాను. సినిమా అయిపోయింది, దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆవిడకి తమ్ముడే లేడు. ఆ ఖాళీ స్టూలుతోనే మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుంది? "అమ్మ పోయాక ఇంట్లో నా పేరు పిలిచేవాళ్ళు లేరు. మైకులోనైనా నన్ను నేను పిలుచుకుందామనుకున్నాను." అది నేను డాక్టరుకి కూడా చెప్పలేదు. నీకు చెప్పాను.

ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. మధ్యలో నేను దగ్గిన దగ్గు కూడా ఉంది. మనిషికి అంత జ్ఞాపకం ఉండదు. అప్పుడు తట్టింది, నీ ఫోను. రాగానే దుప్పటి మీద బోర్లా పెట్టేవాడివి. ఈ రోజుల్లో ఫోను వంక కూడా చూడకుండా మాట వినేవాడు ఎవడుంటాడని ఎంత మురిసిపోయానో తెలుసా? పక్క మంచం ఆవిడకి చెప్పుకున్నాను కూడా.

ఒక్క మాటకి జవాబు రాయి. నువ్వు వచ్చింది నాకోసమా, దానికోసమా?

ఇక నీ తెలివి. పత్రిక ముక్క కత్తిరించి మేనేజరు నోటీసు బోర్డుకి గుచ్చాడు. "ఈ కథకు ఆధారమైన ఆవిడ ఇప్పుడు లేరు" అన్నావట. పొద్దున్నుంచీ ఒక్కొక్కరే వచ్చి పార్సిల్ గదిలోకి తొంగి చూసి వెళుతున్నారు. "పోయారటగా మైకక్కా, చెప్పనేలేదే" అన్నాడు ఓ డ్రైవరు. సరదాకే అన్నాడు. నేనూ సరదాకే, "డ్యూటీ అయ్యాక వెళదామని ఆగాను" అన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

అక్క

మే 2

అక్కా,

ముందు ఒకటి చెప్పాలి. మైకు సీను తీసేశాను. నీ ఉత్తరం వచ్చేలోపే తీసేశాను. నీ మనసు కుదుటపడుతుందనే. ఇప్పుడు నువ్వు అదొక్కటే నిజమంటున్నావు. బయటిదేశంలో ఓ చిన్న సినిమా ఉత్సవానికి ఆ కొత్త కాపీయే పంపించేశాను. వాళ్ళు తీసుకుంటామన్నారు కూడా. ఇక మార్చడం కుదరదు.

పత్రిక సంగతి. "ఆవిడ ఇప్పుడు లేదు" అన్నాను. అక్కడ లేదు, ఆ ఉద్యోగంలో లేదు అని. రాసినవాడు మర్యాదకోసం "లేరు" చేశాడు. దాంతో చనిపోయినట్టయింది. చదివినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. దిద్దమని అడిగితే మళ్ళీ నీ గురించి తవ్వుతారని ఊరుకున్నాను. నీ మంచికే.

స్టూలు గురించి. నిన్ను మర్చిపోయి కాదు, నన్ను మర్చిపోయీ కాదు. ఓ కుర్రవాణ్ణి దాని మీద కూర్చోబెట్టి తీశాం కూడా. బాగా వచ్చింది, అదే చిక్కు. తమ్ముడు పక్కనుంటే చూసేవాడికి ధైర్యం వచ్చేస్తుంది. పర్వాలేదు, ఈవిడకి ఎవరో ఉన్నారు అనుకుని లేచిపోతాడు. అందుకని కత్తిరించాను. నిజం అలాగే ఉండాలని కాదు, కథ అలా అడిగింది.

నీకోసమా దానికోసమా అన్నావు. రికార్డు చేశాను, నిజమే. మొదట్లో సినిమా ఊసే లేదు. నువ్వు చెప్పేవి అంత వేగంగా, అంత వింతగా ఉండేవి. ఇంటికెళ్ళాక మళ్ళీ వినేవాణ్ణి. ఎందుకో తెలియదు. నువ్వు మళ్ళీ మామూలుగా మాట్లాడవేమోనన్న భయంతో కావచ్చు. ఆ రోజుల్లో నువ్వెలా ఉన్నావురా అని నన్నడిగిన మనిషి లేడు. తర్వాతెప్పుడో అది సినిమా అయింది. ఏ రోజు నుంచి అయిందంటే చెప్పలేను. చెవులతో విన్నాను, ఫోనుతో కూడా విన్నాను. రెండూ ఒక మనిషి చెయ్యకూడదా?

ఒక మంచిమాటతో ముగిస్తాను. సినిమాలో వేసిన ఆ అమ్మాయికి పని దొరికింది. నాటకాలు లేక, ఇంటి అద్దె కూడా కట్టలేక అవస్థపడుతోంది. బస్సుల ఆఫీసు నుంచి ఎవరో ఫోను చేసి, సినిమాలో ఆమె గొంతు బాగుందన్నారని, రికార్డు చేసిన అనౌన్స్‌మెంట్లకి ఆమె కావాలని అడిగారు. నేనే మాట్లాడి కుదిర్చాను. సినిమా వల్ల ఒకరికైనా మేలు జరిగింది. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

వచ్చే నెల వస్తాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఇవన్నీ పోతాయి.

తమ్ముడు

జూలై 18

తమ్ముడూ,

నువ్వు వస్తానన్న నెల దాటిపోయింది. రాకపోవడమే మంచిదైంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో అబద్ధం వెతికాను, దొరకలేదు. దొరికితే తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ అమ్మాయికి నువ్వు కుదిర్చిన పని మా బస్టాండుదే. ఏ ఊరికని నువ్వు అడిగి ఉండవు. మా మేనేజరే సినిమా చూసి పై ఆఫీసుకి ఆమె గురించి రాశాడట. కిందటి సోమవారం గాజుగదికి తాళం వేశారు. ఆ తప్పులు చదివే పిల్ల ఏడుస్తూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెకీ ఇప్పుడు గోనెపట్టాలు కుట్టడం నేర్పుతున్నాను.

పది గంటలకి స్పీకర్లు మోగాయి. "ప్రయాణికులకు గమనిక" అని వినపడగానే నా చేతిలో సూది ఆగిపోయింది. పాత మైకు మొదటి అక్షరాన్ని మింగేసేది. అందుకని ప్లాట్‌ఫారం నంబరు చెప్పేముందు నేను చిన్న ఊపిరి తీసి ఆగేదాన్ని. ఇరవయ్యేళ్ళ అలవాటు. కొత్త యంత్రానికి ఆ అవసరం లేదు. అయినా ఆ అమ్మాయి ఆగుతోంది. సరిగ్గా నాలాగే ఊపిరి తీసి ఆగుతోంది. ఆమె నన్నెప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో మంచమ్మీద కూర్చుని నేను పొద్దస్తమానం బస్సులు పిలిచేదాన్నని నువ్వే చెప్పావు ఒకప్పుడు. అదీ రికార్డు చేసి ఆమెకి వినిపించి ఉంటావు.

కండక్టర్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఆఖరికి నీ గొంతే పెట్టారు మైకక్కా, మేం అప్పుడే చెప్పాం" అన్నారు. ఒకడు చాక్లెట్లు తెచ్చాడు. నేను కాదని చెబితే నమ్మలేదు, బడాయి పోతున్నాననుకున్నారు. చివరికి ఒప్పుకుని చాక్లెట్టు తీసుకున్నాను. ఇంకేం చెయ్యను? ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె అద్దె ఆమె కట్టుకోవాలి.

రోజంతా వినాలి కాబట్టి చెవుల్లో దూది పెట్టుకుంటున్నాను. పెద్దాయన అది చూసి, తనకి దేవుడు ఊరికే ఇచ్చినదానికి నేను దూది ఖర్చుపెడుతున్నానన్నాడు. పక్క ఊరికి బదిలీ పెట్టుకున్నాను. అది చిన్న స్టాపు, అక్కడ స్పీకర్లు లేవు. వచ్చే నెల వెళ్ళిపోతాను. ఆ ఊరి నుంచి నీకు ఉత్తరాలు తెచ్చే బస్సు లేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను, నెలనెలా వెళ్ళేదే. మందు తగ్గించలేదు, కొద్దిగా పెంచారు. కొత్త నర్సు నా కార్డు కొత్తది రాస్తూ, దగ్గరి బంధువు ఎవరు, ఏదైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలి అని అడిగింది. పాత కార్డులో నీ పేరుంది. "తమ్ముడేనా?" అంది. పెన్ను ఎత్తి ఆగింది.

"తమ్ముడు ఉన్నాడు. ఆ పేరు వద్దు" అన్నాను.

ఎందుకని ఆమె అడగలేదు. పెద్దాయన పేరు రాయించాను. ఆయన ఏమవుతాడని అడిగితే, కలిసి పనిచేస్తామన్నాను. చాలదంది. బాబాయి అని రాసుకోమన్నాను, రాసుకుంది.

ఈ జబ్బు ఒకసారి వచ్చి పోయేది కాదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. మళ్ళీ వస్తే అదే వార్డులో పడుకోబెడతారు, అదే స్టూలు వేస్తారు. నీకు మాత్రం కబురు రాదు. ఎవరో చెప్పగా తెలిసి వచ్చినా గేటు దగ్గరే ఆపేస్తారు. అదీ చెప్పే వచ్చాను.

అక్క